మూడో పిన్ను కథ

రెండు పిన్నుల ప్లగ్గు కొన్ని సాకెట్లలోకి ఓ పట్టాన దూరదు. అప్పుడు మన ఇళ్ళలో ఏం చేస్తారో మీకు తెలుసు. పై రంధ్రంలోకి పెన్ను మూతో, స్క్రూడ్రైవరో గుచ్చి పట్టుకుంటారు. లోపలున్న చిన్న తలుపులు పక్కకి జరుగుతాయి. కింద రెండు పిన్నులూ దించేసి, "హమ్మయ్య, ఎక్కింది" అనుకుంటారు. పెళ్ళి పందిళ్ళలో లైట్ల కుర్రాళ్ళయితే ప్లగ్గు కూడా లేకుండా రెండు తీగల కొసలు అగ్గిపుల్లలతో బిగించేస్తారు. ఆ పై రంధ్రం సంగతి ఎవరికీ పట్టదు. అది ఎర్త్. అది లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది, మిక్సీ రుబ్బుతుంది, పాట వినిపిస్తుంది.

ఈ రెండు నెలలుగా నేను ఆ మూడో పిన్ను గురించే చదువుతున్నాను. మిక్సీ వల్ల కాదు, గ్రైండరు వల్ల కాదు, ఒక పాత గిటార్ ఆంప్లిఫయరు వల్ల. మిషిగన్‌లో ఉండే మా తమ్ముడు అక్కడెవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్ముతుంటే, 1960ల నాటి వాల్వుల ఆంప్లిఫయరు కొని మేనల్లుడి కోసం మోసుకొచ్చాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా వాడికి ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. పెట్టె వెనకాల రెండు పిన్నుల వైరు, దాని పక్కనే "గ్రౌండ్" అని రాసి ఉన్న స్విచ్చి. మా వారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇంకేం, ఎర్త్ కూడా ఇచ్చాడు" అన్నారు. ఆ స్విచ్చి నిజంగా ఎర్తేనా అని వెతకబోతే ఇదిగో, ఇంత కథ దొరికింది.

కరెంటుతో పలికే వాద్యాల్లో లోకానికంతటికీ తెలిసిన తొలి వాద్యం, చిత్రంగా, అసలు ముట్టుకోనక్కర్లేనిది. 1920లో రష్యాలో లియోన్ థెరెమిన్ తయారుచేశాడు. ఆయన పేరే దానికీ పెట్టారు. ఒక చేయి నిలువు కడ్డీ దగ్గరికి తీసుకెళ్తే స్వరం పెరుగుతుంది, రెండో చేయి వంకీ దగ్గర ఆడిస్తే శబ్దం హెచ్చుతగ్గులవుతుంది. మనిషి ఒళ్ళే ఆ సర్క్యూట్‌లో ఒక భాగమన్నమాట. ఒంటికి ఏమీ తెలియనంత స్వల్పంగా. 1929లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ వీటిని సుమారు 500 తయారుచేసి అమ్మింది. క్లారా రాక్‌మోర్ అనే ఆవిడ, చిన్నప్పుడు గొప్ప వయొలిన్ విద్వాంసురాలు కావలసిన మనిషి, చేతి బలహీనత వల్ల వయొలిన్ మానుకుని దీన్ని పట్టుకుంది. ఆవిడ వాయిస్తున్న వీడియోలు దొరికితే చూడండి. గాలిలో వేళ్ళు విప్పుతూ ముడుస్తూ ఉంటే నాకు మన నాట్యంలో హస్తాలే గుర్తొచ్చాయి.

ముట్టుకోనక్కర్లేదు సరే, పెట్టె లోపల ఉన్నవి వాల్వులు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే ఆ గాజు బుడ్లు పనిచేయాలంటే 250, 300 వోల్టులు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ కావాలి. ఆ తరం వాద్యాలన్నిటిదీ ఇదే సంగతి. 1935లో చర్చిల కోసం, ఉన్నవాళ్ళ హాళ్ళ కోసం వచ్చిన హామండ్ ఆర్గన్‌లోనూ వాల్వులే. మన దగ్గరికొస్తే, 1954లో వచ్చిన హిందీ "నాగిన్" సినిమాలో పాములవాడి నాగస్వరం విని దేశమంతా ఊగిపోయింది కదా. ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపుల్లో మగపిల్లలు నోట్లో రుమాలు కొస పెట్టుకుని ఆడే నాగిని డ్యాన్సు అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ బూర అసలు బూరే కాదు. క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు. ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో తయారుచేసింది. దాన్ని వాయించింది కళ్యాణ్‌జీ, తర్వాత ఆనంద్‌జీతో కలిసి సంగీత దర్శకుడైన ఆయనే. అదీ వాల్వులదే.

అయితే ఆర్గన్ వాయించేవాళ్ళ చేతులు మీటల మీద ఉంటాయి, ఒళ్ళంతా చెక్కపెట్టె. ప్రమాదం చాలావరకు లోపలే ఉండిపోయింది. గిటార్ వచ్చాక లెక్క మారిపోయింది.

ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇనప తీగలు. ఆ తీగలు ఊరికే ఉండవు, లోపల ఒక వైరుతో ఆంప్లిఫయరు ఇనప ఛాసిస్‌కి కలిపి ఉంటాయి. ఎందుకంటే మన ఒళ్ళు యాంటెన్నాలాంటిది, చుట్టూ ఉన్న కరెంటు రొదనంతా పోగుచేసి గిటార్‌లోకి పంపిస్తుంది. తీగల్ని ఛాసిస్‌కి కలిపితే, చెయ్యి తీగల మీద పడగానే ఆ గుయ్‌మనే రొద తగ్గుతుంది. బాగానే ఉంది. కానీ దాని అర్థం ఏమిటి? ఆంప్లిఫయరు బాడీలో ఏముంటే అది వాయించేవాడి ఎడమచేతి నాలుగు వేళ్ళలో ఉంటుంది. ఫ్రిజ్ బాడీకి కరెంటొస్తే మనం ఒకసారి తగిలి "అమ్మో" అని చెయ్యి లాక్కుంటాం. గిటార్ వాయించేవాడు ఆ తలుపుని గంటసేపు గట్టిగా పట్టుకునే ఉంటాడు.

అంతటితో ఆగితే కూడా ఫరవాలేదు. కరెంటు పోవడానికి రెండో దారి కావాలి కదా. ఆ దారి పెదాల దగ్గర ఉంటుంది. మైకు. మైకు వేరే యంత్రానిది, దాని ప్లగ్గు వేరే చోట. ఒకటి ఎర్త్ అయి రెండోది కాకపోతే, చేతికీ పెదాలకీ మధ్య మొత్తం వోల్టేజి నిలబడుతుంది. మధ్యలో ఉన్నది గుండె.

1965 డిసెంబరు 3న అమెరికాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ కచేరీ జరుగుతుండగా, కీత్ రిచర్డ్స్ గిటార్ మైకు స్టాండుకి తగిలింది. మెరుపు మెరిసి మనిషి స్పృహ తప్పి పడిపోయాడు. లేచాడు, బతికాడు. కాళ్ళకున్న రబ్బరు అడుగుల బూట్లు కాపాడాయని చెబుతారు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని జనం ముందే పోయాడు. 27 ఏళ్ళు. 1976 మే నెలలో, యార్డ్‌బర్డ్స్ పాటగాడిగా పేరుపొందిన కీత్ రెల్ఫ్ పోయాడు. అతనిది స్టేజీ మీద కూడా కాదు. సొంత ఇంట్లో, గిటార్ వాయించుకుంటూ. 33 ఏళ్ళు. పై ముగ్గురిలో నన్ను వదలనిది ఈ మూడోదే. కచేరీ అంటే తొందర, వర్షం, అద్దె సామాను, ఏవో కారణాలు చెప్పుకుంటాం. ఇంట్లో పిల్లలు పక్క గదిలో వాయించుకుంటుంటే, వినిపిస్తోంది కదా, క్షేమంగా ఉన్నాడు కదా అని మనం కూర తరుక్కుంటూ ఉంటాం.

ఇక్కడ ఒక ఆవిడ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. కారొలైన్ హాస్లెట్. ఇంగ్లండులో ఇంజనీర్లయిన ఆడవాళ్ళ సంఘానికి తొలి కార్యదర్శి. 1924లో మొదలైన ఎలక్ట్రికల్ అసోసియేషన్ ఫర్ విమెన్ అనే సంస్థని నడిపింది. ఇళ్ళలో కరెంటుతో రోజంతా మెలిగేది ఆడవాళ్ళు కాబట్టి వాళ్ళకి దాని సంగతి తెలిసి తీరాలన్నది ఆవిడ పట్టుదల. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, యుద్ధం అయ్యాక కట్టే ఇళ్ళలో వైరింగ్ ఎలా ఉండాలో తేల్చడానికి వేసిన కమిటీలో ఒకే ఒక్క మహిళ ఆవిడే. ఆ కమిటీ ఫలితంగా 1947లో బ్రిటన్‌లో కొత్త ప్లగ్గు ప్రమాణం వచ్చింది. ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉంటుంది, ముందు అదే లోపలికి వెళ్ళి తలుపులు తీస్తుంది, అప్పుడుగానీ మిగతా రెండూ కరెంటుని ముట్టుకోలేవు. పిల్లలు వేలు పెట్టకుండా ఆ తలుపులు. ఊడదీసేటప్పుడు చివరగా వచ్చేదీ ఎర్తే. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు అంతకంటే పాత బ్రిటిష్ నమూనా, 1934 నాటిది. కానీ దాన్లోనూ ఎర్త్ పిన్నే పెద్దది, పొడుగుది. మనం పెన్ను మూత గుచ్చి తీసేది ఆ తలుపుల్నే.

లెస్ హార్వీ పోయేసరికి ఆ ప్లగ్గు వచ్చి పాతికేళ్ళయింది. పిన్ను ఉండటం వేరు, పిన్ను నుంచి నేలదాకా తీగ తెగకుండా ఉండటం వేరు.

అమెరికా కథ ఇంకో రకం. అక్కడ ఇళ్ళలో చాలాకాలం రెండు రంధ్రాలే. 1947లో ముందుగా బట్టలుతికే చోటకి ఎర్త్ ఉన్న సాకెట్ కావాలన్నారు, కొత్త ఇళ్ళలో దాదాపు అన్నిచోట్లా ఉండాలన్నది 1962లో. కాబట్టి అప్పటిదాకా తయారైన ఆర్గన్లకీ ఆంప్లిఫయర్లకీ రెండు పిన్నులే. అందులోనూ రెండూ ఒకే వెడల్పు, ఎటు తిప్పి పెట్టినా దూరతాయి. ఇందులో రొద తగ్గించడానికి అప్పటివాళ్ళు ఒక ఉపాయం చేశారు. కరెంటు తీగకీ ఛాసిస్‌కీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెట్టారు. రెండు తీగల్లో ఏది న్యూట్రలో వాళ్ళకి తెలియదు కాబట్టి, దాన్ని ఇటూ అటూ మార్చడానికి ఒక స్విచ్చి. దాని పేరు గ్రౌండ్ స్విచ్చి. మా వారు ఎర్త్ అనుకున్నది ఇదే. అది నేలకి కలపదు; కలపడానికి అసలు నేలదాకా తీగే లేదు. ఛాసిస్‌ని ఒక కరెంటు తీగవైపు మొగ్గేలా చేస్తుంది, అంతే. సరైన వైపు ఉంటే రొద తగ్గుతుంది, తప్పు వైపు ఉంటే చేతికి జివ్వుమంటుంది. జివ్వుమంటే స్విచ్చి అటు తిప్పు అనేది ఆనాటి పద్ధతి.

మా వాడు దీనికి లెక్క వేసి చూపించాడు. ఆ కెపాసిటర్ సాధారణంగా 0.047 మైక్రోఫారడ్. అది బాగున్నంత కాలం అమెరికా 120 వోల్టుల మీద సుమారు 2 మిల్లీ ఆంపియర్లు వదులుతుంది. మన 230 వోల్టుల మీదయితే మూడున్నర దాకా. చురుక్కుమంటుంది, ప్రాణం తీయదు. కానీ కెపాసిటర్‌కీ వయసు ఉంటుంది. అరవై ఏళ్ళ తర్వాత లోపల షార్ట్ అయిన రోజున అది కెపాసిటర్ కాదు, ఉత్త తీగ ముక్క. అప్పుడు ఇంట్లోకొచ్చే కరెంటు నేరుగా గిటార్ తీగల్లో ఉంటుంది, ఆపేది మన ఒంటి చర్మం ఒక్కటే. తడి చేతులతో వంద మిల్లీ ఆంపియర్లు దాటడం ఎంతసేపు? గుండె లయ తప్పడానికి అంత అక్కర్లేదు కూడా. పాత ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్ళు దాన్ని మృత్యు కెపాసిటర్ అనే పిలుస్తారట.

దానికంటే నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద దుకాణాల కేటలాగుల్లో చవక ఆంప్లిఫయర్లు అమ్మేవారు, గిటార్ కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం. ఖర్చు తగ్గించడానికి వాటిలో కొన్నిట్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే తీసేశారు. ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఇంటి కరెంటుకీ లోపలి సర్క్యూట్‌కీ మధ్య గోడ. గోడ లేకపోతే ఇంటి కరెంటు తీగే లోపలి సర్క్యూట్‌లో ఒక కొస. చెక్క పెట్టె, ప్లాస్టిక్ మరలు పెట్టి రేడియో అమ్మినట్టు అమ్మితే వాడేవాడికి తెలియదు. రేడియోకి తీగలు కట్టుకుని ఒళ్ళో పెట్టుకోము, గిటార్‌ని పెట్టుకుంటాము. డబ్బున్న విద్వాంసుడి పెద్ద ఆంప్లిఫయరులో గోడ ఉంది, పన్నెండేళ్ళ పిల్లాడికి అమ్మానాన్నా పుట్టినరోజుకి కొన్న దాన్లో లేదు. ధర తక్కువైన చోట ముందు తీసేసేది కంటికి కనబడనిదాన్నే. మన బజార్లో దొరికే చవక ఎక్స్‌టెన్షన్ బోర్డు వెనక విప్పి చూస్తే మీకూ అదే కనిపిస్తుంది: మూడు రంధ్రాలు, రెండే తీగలు.

మూడు పిన్నులు వచ్చాక అయినా బాగుపడాలి కదా? అప్పుడు కొత్త తలనొప్పి మొదలైంది. రెండు యంత్రాలు రెండు వేర్వేరు సాకెట్ల నుంచి ఎర్త్ తీసుకుని, మధ్యలో ఆడియో వైరుతో కలిసి ఉంటే అదొక పెద్ద ఉచ్చులా తయారవుతుంది. అందులో కరెంటు తిరిగి మళ్ళీ గుయ్‌మంటుంది. ఒకదాని ఎర్త్ పిన్ను విరిచేస్తే రొద మాయం! అందుకని విరిచేశారు. బృందాలు, స్టూడియోలు, చర్చిలు, అందరూ. విరిచినా వెంటనే ఏమీ కాదు, ఎందుకంటే విరిచినదానికి ఆడియో వైరు పైతొడుగు ద్వారా అవతలి యంత్రం ఎర్త్ దొరుకుతూనే ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం సామాను సర్దుతూ ఆ వైరు ముందు పీకుతారు. అప్పటికి ఆ యంత్రానికి నేలతో ఏ సంబంధమూ లేదు. రొద చెవికి వినిపిస్తుంది, ఎర్త్ లేకపోవడం దేనికీ వినిపించదు. వినిపించేదాన్ని తగ్గించడానికి వినిపించనిదాన్ని అమ్ముకున్నారు, అదీ ముప్ఫై నలభై ఏళ్ళు.

సరైన మందు ఉంది. సామానంతా ఒకే బోర్డు నుంచి, ఒకే ఎర్త్ మీద నడపాలి. అప్పటికీ రొద వస్తే ఆడియో వైరు మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె పెట్టాలి, పాట దాటుతుంది, ఎర్త్ దాటదు. 1983లో కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మిడి అనే ఏర్పాటు వచ్చినప్పుడు, దాన్ని తయారుచేసినవాళ్ళు ఈ బాధలన్నీ పడ్డవాళ్ళే అనుకుంటాను. కబురు అందుకునే వాద్యం గడపలో వాళ్ళొక చిన్న దీపం పెట్టారు. వైరులో వచ్చిన కరెంటు ఆ దీపాన్ని వెలిగిస్తుంది, దాని వెలుతురు చూసి లోపలి సర్క్యూట్ పలుకుతుంది. రెండు వాద్యాల సర్క్యూట్లూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. నాకు ఇది ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇంకొక పరిశోధన మనం తెలుసుకోవలసింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఛార్లెస్ డాల్జియల్ అనే ప్రొఫెసరు, కరెంటు తగిలినప్పుడు మనిషి తనంతట తాను చెయ్యి వదిలించుకోగలిగే హద్దు ఎంత అని కొలిచాడు. ముందుకొచ్చిన 134 మంది మగవాళ్ళకి సగటున 16 మిల్లీ ఆంపియర్లు. 28 మంది ఆడవాళ్ళకి పదిన్నర. ఎంత బలహీనులకైనా సరిపోయే హద్దు లెక్కకడితే మగవాళ్ళకి 9, ఆడవాళ్ళకి 6. ఆయనే 1961లో ఒక చిన్న పరికరం తయారుచేశాడు: వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూస్తూ, తేడా వస్తే తటాలున ఆపేస్తుంది. అమెరికాలో అది 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతుంది. మన ఇళ్ళలో ఆర్‌సీసీబీ అని పెట్టేది అదే జాతి, మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లది. 30 దగ్గర చెయ్యి వదిలించుకోలేకపోవచ్చు, కానీ గుండెకి చేటు జరిగేలోపే ఆపేస్తుంది. మీ మీటరు దగ్గర బోర్డులో టెస్ట్ అని రాసిన చిన్న బొత్తం ఉందేమో చూడండి. ఉంటే నెలకోసారి నొక్కండి. కరెంటు పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవండి.

మా ఆంప్లిఫయరు సంగతికొస్తే, వాల్వు రేడియోలు బాగుచేసిన అనుభవమున్న పెద్దాయన ఒకరు దొరికారు. ఆయన మొదట అడిగిన ప్రశ్న ఆంప్లిఫయరు గురించి కాదు. "అమ్మా, మీ ఇంట్లో ఎర్త్ ఉందా?" అన్నారు. ఉందండీ, మూడు రంధ్రాల సాకెట్లే అన్నాను. ఆయన నవ్వి, వచ్చి చూస్తానన్నారు. ముందు హాల్లో సాకెట్లు రెండిటికీ ఉంది. మా వాడి గది తర్వాత వేసినది, మేస్త్రీ తెచ్చిన కుర్రాడెవరో వైరింగ్ చేశాడు. సాకెట్ విప్పితే పై రంధ్రం వెనక మర ఖాళీగా ఉంది. ఆకుపచ్చ తీగ అసలు లాగనే లేదు. ఆ గదిలోనే ఆరేళ్ళుగా కంప్యూటరు నడుస్తోంది.

గోడ పక్కనుంచి కొత్త తీగ లాగించాం. పెరట్లో ఎర్త్ గుంత కూడా చూశారాయన. మా మామగారు ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి పైపు దించిన గుంత. ఎండాకాలం దాన్లో రెండు బకెట్ల నీళ్ళు పొయ్యమని మా అత్తగారు చెబితే నేనూ ఇన్నేళ్ళుగా పోస్తున్నాను, కరివేపాకు చెట్టుకి పోసినట్టే. మట్టి తడిగా ఉంటేనే కరెంటుని పీల్చుకుంటుందని ఆయన చెప్పారు.

ఆంప్లిఫయరుకి రెండు పిన్నుల వైరు తీసేసి మూడు తీగలది వేసి, ఆకుపచ్చది ఛాసిస్‌కి బోల్టుతో బిగించారు. ఆ కెపాసిటర్ కోసేశారు, గ్రౌండ్ స్విచ్చిని దేనికీ పనిచేయకుండా వదిలేశారు. 230ని 120 చేసే ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు చవకది వద్దన్నారు. చవకవాటిల్లో చాలావాటికి లోపల ఒకే చుట్ట ఉంటుందట, వోల్టేజి తగ్గుతుంది గానీ గోడ ఉండదు. రెండు చుట్టలు విడివిడిగా ఉన్నదే తీసుకోమన్నారు, దానికి మూడు పిన్నుల సాకెట్ ఉండాలన్నారు. ఇంకో మాట గట్టిగా చెప్పారు: ప్లగ్గు పీకేసినా సరే, వెనక చెక్క విప్పి చెయ్యి పెట్టొద్దు, లోపలి పెద్ద కెపాసిటర్లు కాసేపు షాకు దాచుకుని ఉంటాయి.

మా వాడు ఒకటే గొణుగుడు. "వైరు మార్చేస్తే ఒరిజినల్ కాదమ్మా, కలెక్టర్లు విలువ తగ్గిస్తారు" అని. వాళ్ళ మావయ్య కూడా ఫోన్లో వాడికే వంత పాడాడు. ఒరే, నువ్వు అమ్ముతావా వాయిస్తావా అన్నాను. వాయిస్తానన్నాడు. అయితే వైరు మారుతుంది అన్నాను. పాత వైరు చుట్టి కవర్లో పెట్టి పేరు రాసి ఇచ్చాను, కలెక్టర్లు వచ్చినప్పుడు చూపించుకోవచ్చు.

ఇప్పుడు ఆంప్లిఫయరూ, వాడు స్నేహితుల కోసం పెట్టిన మైకు మిక్సరూ ఒకే బోర్డు మీద నడుస్తున్నాయి. కొంచెం గుయ్‌మంటూనే ఉంది. వాడు దానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి ఆర్డరు పెట్టాడు, వచ్చే వారం వస్తుందట.